సఫేద్ ఏక్‌లో ఒక వీడ్కోలు

2012 జనవరి 10న అమెరికాలో ఒక పాటల ఆల్బమ్ విడుదలైంది. రెండు సీడీలు, 34 ట్రాకులు, గంటన్నర దాటిన సంగీతం. చేసినవారు డేవిడ్ క్రౌడర్ బ్యాండ్ అనే క్రైస్తవ పాప్ బృందం. ఆల్బమ్ అంగడికి వచ్చేనాటికి ఆ బృందం లేదు. ఎవరికీ ఏమీ కాలేదు, అందరూ క్షేమమే. అంతకు ఐదారు రోజుల ముందే అట్లాంటాలో, నలభై వేలకు పైగా విద్యార్థులు కూడిన సభలో ఆఖరిసారి వాయించి ఎవరిదారిన వారు వెళ్లిపోయారు. పోతూ పోతూ తమ బృందానికి తామే అంత్యక్రియల ప్రార్థన రాసి, పాడి, రికార్డు చేసి పెట్టిపోయారు.

ఆల్బమ్ పేరు ‘గివ్ అస్ రెస్ట్’. మాకు విశ్రాంతినివ్వు అని. దాని వెంట ఒక ‘లేదా’ పెట్టి రెండో పేరు కూడా తగిలించారు: సి శ్రుతిలో రిక్వియమ్ మాస్. మళ్లీ దాని వెనక ఒక చమత్కారం: అన్ని శ్రుతుల్లోకీ సంతోషమైన శ్రుతి ఇదేనట. మరణించినవారి కోసం చేసే పూజకు సంతోషమైన శ్రుతి ఏమిటన్నది ఆ పేరు చదివిన ఎవరికైనా తట్టే ప్రశ్నే.

చరిత్ర వ్యాసం అడిగితే ఇదేమిటని కమిటీవారు అనుకోవచ్చు. చార్మినార్ మీద, 1908 మూసీ వరద మీద, ఆసఫ్‌జాహీల మీద నాకంటే బాగా రాయగలవాళ్లు మన సంఘంలో ఉన్నారు. ఈ ఆల్బమ్ మాత్రం నాదాకా మన స్కూలు దారినే వచ్చింది. డిసెంబరు సెలవులకు ముందురోజు ప్రేయరులో పాటలు పాడిన ముగ్గురు మా బ్యాచ్‌వాళ్లకు గుర్తుండవచ్చు. హార్మోనియం వాయించేవాడు ఫలక్‌నుమా వైపునుంచి వచ్చేవాడు, వాళ్ల నాన్నగారిది రైల్వే ఉద్యోగం, ఇంట్లో అట్టలూడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. డోలక్ వాయించేవాడిది దబీర్‌పురా, షియా కుటుంబం. మూడోవాణ్ణి నేను, గౌలిపురవాణ్ణి. నాకు ఏ వాయిద్యమూ రాదు, గొంతు మాత్రం ఉండేది. మా ముగ్గురికీ పేరంటూ లేదు. ‘బ్యాండ్’ అని అసలే అనుకోలేదు. పాతబస్తీలో బ్యాండంటే పెళ్లి బ్యాండే కదా. హార్మోనియం మిత్రుడు రిటైరయ్యాక డాలస్‌లో కూతురి దగ్గరకు వెళ్లాడు. అక్కణ్ణుంచి ఈ రెండు సీడీలూ నాకు పంపుతూ కవరు మీద రాసిన మాట ఒక్కటే: ‘విని చెప్పు’.

వినడానికి ముందు ఈ బృందం ఎక్కడిదో తెలుసుకోవాలి. డాలస్‌నుంచి ఆస్టిన్‌కు పోయే హైవే మీద, దాదాపు సగం దారిలో వేకో అనే ఊరుంది. 1845లో స్థాపించిన బేలర్ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. బాప్టిస్టులది. బాప్టిస్టుల విద్యాలయంలో చదువుకుంటూ కూడా పిల్లలు ఆదివారం గుడికి పోవడంలేదని డేవిడ్ క్రౌడర్, క్రిస్ సే అనే ఇద్దరు యువకులు గమనించి, 1995లో వాళ్లకోసమే యూనివర్సిటీ బాప్టిస్ట్ చర్చి పెట్టారు. పాటలు క్రౌడర్ చూసుకునేవాడు. బృందం అలా పుట్టింది. క్రౌడర్‌తోపాటు జాక్ పార్కర్, మైక్ డాడ్సన్, మైక్ హోగన్, జెరెమీ బుష్, తర్వాత వచ్చిన మార్క్ వాల్డ్రాప్. గిటార్ల పక్కన ఫిడేలు, ఫిడేలు పక్కన కంప్యూటర్ చప్పుళ్లు, అప్పుడప్పుడూ పల్లెటూరి బాంజో. 2002నుంచి పెద్ద కంపెనీల ద్వారా ఆల్బములు వచ్చాయి. ‘ఇల్యూమినేట్’, ‘ఎ కొలిజన్’, ‘రెమెడీ’, ‘చర్చ్ మ్యూజిక్’. 2009లో వచ్చిన ఈ చివరిదాంట్లో పాటకూ పాటకూ మధ్య విరామమే లేదు, మొదలుపెడితే చివరిదాకా ఒకే ధార.

వేకో టెక్సాస్‌లో ఉంది. టెక్సాస్ ముద్దుపేరు ‘లోన్ స్టార్’, ఒంటరి నక్షత్రం. మన తెలుగు బాప్టిస్టులకు కూడా ఆ పేరే ఉంది. ఈ రెంటికీ సంబంధంలేదు కాని మనదాని కథ చెప్పకుండా ఉండలేను. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల మిషన్ చాలా ఏళ్లు నడిచినా చేరినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. దాన్ని మూసేద్దామా అని 1853లో ఆల్బనీలో వాళ్ల సభ చర్చించింది. పటంలో ఆ మిషన్ ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అంటే, శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ మాటమీద ఒక పద్యం రాసి చదివాడు. మూసివేత ఆగింది. పాతికేళ్ల తర్వాత, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర వేలంపల్లి గుండ్లకమ్మ రేవులో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మహాకరువు రోజులు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో జాన్ క్లౌ పని ఇప్పించినవారు వాళ్లలో చాలామంది ఉన్నారు. మా మిత్రుడి పూర్వీకులు ఆ గుంపులోవారేనని వాళ్ల నాన్నగారు చెప్పేవారు. నిజమో కాదో గాని, ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడేవారు.

మళ్లీ వేకోకు వస్తాను. 2005 అక్టోబరు 30, ఆదివారం. యూనివర్సిటీ బాప్టిస్ట్ చర్చిలో బాప్తిస్మం జరుగుతోంది. పాస్టర్ కైల్ లేక్ తొట్టి నీళ్లలో నిలబడి మైక్రోఫోన్ పట్టుకున్నాడు. కరెంటు షాక్ కొట్టింది. వయసు 33. నిండు సభ ముందు, పాటలు పాడే చోటే ప్రాణం పోయింది. ‘ఎ కొలిజన్’ విడుదలై అప్పటికి నెలరోజులే. విచిత్రంగా ఆ ఆల్బమ్‌కూడా చావుమీదే. ఆ మరుసటి ఏడు క్రౌడర్, హోగన్ కలిసి ఒక పుస్తకం రాశారు. స్వర్గానికి పోవాలని అందరికీ ఉంటుంది, చావాలని మాత్రం ఎవరికీ ఉండదు అని దాని పేరు. అమెరికా కొండప్రాంతాల బ్లూగ్రాస్ పాటల్లో మరణం ఎందుకంత సహజంగా, ఇంటి మనిషిలా వచ్చి కూర్చుంటుందో అందులో వెతికారు. వీడ్కోలు ఆల్బమ్ రిక్వియమ్ కావడానికి ఈ ఆరేళ్ల సామగ్రే మూలమని నా అభిప్రాయం. బృందం విడిపోతోంది కాబట్టి ఒక విషాద గీతం చేద్దామనుకుని చేసింది కాదు. ఆ విషాదం వాళ్ల దగ్గర చాలాకాలంగా ఉంది. దానికొక రూపం దొరికింది.

ఆ రూపం గురించి కొంచెం చెప్పాలి. రిక్వియమ్ అంటే చనిపోయినవారి కోసం కతోలికులు చేసే దివ్యబలిపూజ. విశ్రాంతి అనే లాటిన్ మాటతో మొదలవుతుంది గనుక ఆ పేరు. కరుణించమని గ్రీకులో ఒక వేడుకోలు, తర్వాత కడపటి తీర్పు దినాన్ని వర్ణించే ‘డీస్ ఇరే’ అనే దీర్ఘ గీతం, అర్పణ, పరిశుద్ధ స్తుతి, దేవుని గొర్రెపిల్ల ప్రార్థన, సత్ప్రసాదం, చివరకు శవాన్ని సాగనంపే పాట. వందల ఏళ్లుగా ఇదే వరుస. మొజార్ట్ 1791లో ఈ పూజకు సంగీతం కడుతూ కట్టడం పూర్తికాకుండానే చనిపోయాడు, శిష్యుడు జూస్మయర్ పూర్తిచేశాడు. వెర్ది 1874లో రచయిత మంజోని కోసం చేశాడు. బ్రామ్స్ లాటిన్ వదిలేసి జర్మన్‌లో బైబిలు మాటలు తీసుకున్నాడు. రెండో వాటికన్ మహాసభ తర్వాత కతోలికులే తమ అంత్యక్రియల పూజలోంచి ఆ తీర్పు గీతాన్ని తీసేశారు. భయపెడుతోందని.

అంటే కతోలికులు తీసి పక్కనపెట్టిన గీతాన్ని టెక్సాస్ బాప్టిస్టులు ఎత్తుకుని తమ ఆల్బమ్‌లో వరుస ముక్కలుగా పెట్టారు. ఇది చిన్న సంగతి కాదు. ప్రొటెస్టంటులు, అందులో బాప్టిస్టులు, చనిపోయినవారి కోసం ప్రార్థించరు. పోయినవాడి సంగతి వాడికీ దేవుడికీ మధ్య ఎప్పుడో తేలిపోయింది, మన ప్రార్థనతో మారేదేమీ లేదన్నది వాళ్ల విశ్వాసం. సంస్కరణోద్యమంలో పెద్ద గొడవల్లో ఇదొకటి. మరి వీళ్లు ఎవరికోసం ఈ పూజ చేశారు?

జవాబు పేరులోనే ఉంది. లాటిన్ పూజ ‘వారికి’ విశ్రాంతినివ్వమని అడుగుతుంది. పోయినవారు అక్కడ, అడిగేవారు ఇక్కడ. ఈ ఆల్బమ్ ‘మాకు’ అంటుంది. పాడేవాడే పాడెమీద ఉన్నాడు. ఒక్క సర్వనామం మార్చి బాప్టిస్టులు తమ సిద్ధాంతాన్ని దాటకుండానే కతోలిక పూజలోకి ప్రవేశించారు. తెలుగులో చెప్పాలంటే మనకింకొక సందేహం వస్తుంది, ఇంగ్లీషువాళ్లకు రాదు. అది మాకా, మనకా? దేవుణ్ణి అడిగేటప్పుడు మాకు అనే అనాలి, మనకు అంటే దేవుణ్ణికూడా కలుపుకున్నట్టవుతుంది. కాని పక్కన నిలబడి వింటున్నవాడికి ‘మనకు’ అనే వినబడాలి. సమాజంగా పాడే పాటల్లో ఈ రెండూ ఒకేసారి నడుస్తాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడేటప్పుడు మా మిత్రుడి ఇంట్లో నేనుకూడా కూర్చుని పాడేవాణ్ణి. ఆ ‘మా’లో నేనున్నానా లేనా అని నాకెప్పుడూ తోచలేదు. నేను లేనని వాళ్లెవరూ అనలేదు.

పురుషోత్తమ చౌదరి పేరు వచ్చింది గనుక ఒక మాట. 1803లో పుట్టి 1890లో పోయిన ఈ కవి బ్రాహ్మణ కుటుంబంనుంచి క్రైస్తవంలోకి వచ్చినవాడు. తెలుగు క్రైస్తవులకు ఇంగ్లీషు బాణీల అనువాదాలే గతి కాకుండా, రాగతాళాలతో కీర్తనలు కట్టి ఇచ్చినవాళ్లలో మొదట చెప్పుకోవలసినవాడు. ఆ పుస్తకంలో మేలుకొలుపునుంచి మంగళందాకా అన్నీ ఉన్నాయి, పెళ్లికీ ఉన్నాయి, భూస్థాపనకూ ఉన్నాయి. నారాయణగూడ సమాధుల తోటలో మట్టి పోస్తుంటే గొంతు వణుకుతూ పాడే పెద్దవాళ్లను చూసినవారికి తెలుస్తుంది, రిక్వియమ్ అనే మాట మనకు కొత్తగాని ఆ పని కొత్త కాదు.

పాతబస్తీవాళ్లకు అసలే కాదు. మొహర్రం పదోరోజున దబీర్‌పురాలో బీబీ కా అలావానుంచి ఏనుగుమీద అలమ్ బయలుదేరి చార్మినార్, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టీ, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్ చేరేదాకా వినబడే నౌహాలు మనం చిన్నప్పటినుంచి విన్నవే. ఈ ఊరు కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీలో మర్సియాలు రాశాడు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హసన్ హుస్సేన్‌లను తలచుకుంటూ తెలుగులోనే పాటలున్నాయి, పాడేవాళ్లలో సగానికి పైగా హిందువులే. ఇక మన తెలుగు సారు జాషువ శ్మశానవాటి పద్యాలు చెప్పినరోజు క్లాసులో ఫ్యాను చప్పుడుకూడా వినబడలేదు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనుకు ఆ పద్యాలు లేకపోతే జనం ఒప్పుకునేవారు కాదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి పద్యం, హిందూ పురాణ నాటకంలో, కాటికాపరి నోట. ఎవరిది అని అడిగేవాళ్లు లేరు.

సీడీలు విన్నాక దబీర్‌పురా మిత్రుడికి ఈ సంగతంతా చెప్పాను. ఆయనకు ఒకటే నచ్చలేదు. ‘వీడ్కోలు అంటే ఏంది భాయ్? మేము పద్నాలుగు వందల ఏండ్లనుంచి ఏడుస్తనే ఉన్నం. ఏటా మొహర్రం వస్తది, ఏటా పాడతం. ఆఖరిసారి అనేది లేదు’ అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. తర్వాత ఆల్బమ్ మళ్లీ విన్నాను, ఈసారి చివరినుంచి.

చివర చాలా చిత్రంగా ఉంది. రిక్వియమ్ వరుస ముగిసేసరికి కంప్యూటర్ చప్పుళ్లు తగ్గిపోతాయి, పెద్ద గిటార్లు ఆగిపోతాయి. ఊళ్లో పాతకాలపు గుడిలో పాడినట్టు పాత పాటలు వస్తాయి. పదేళ్లకు పైగా సొంత పాటలతో పేరు తెచ్చుకున్నవాళ్లు పోయేటప్పుడు ఇతరుల పాటలు పాడి పోయారు. ఆ పాటల వెనక కథలు తెలిస్తే ఎంపిక యాదృచ్ఛికం కాదని అర్థమవుతుంది.

వాటిలో ఒకటి ‘లీనింగ్ ఆన్ ది ఎవర్‌లాస్టింగ్ ఆర్మ్స్’. ఇది ఒక పంతులుగారి పాట, అందుకే ఈ సంచికలో దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఆంథనీ షోవాల్టర్ 1858లో పుట్టాడు. దక్షిణ అమెరికా రాష్ట్రాల్లో ఆ రోజుల్లో సింగింగ్ స్కూళ్లుండేవి. పంతులు ఊరికొచ్చి కొన్నాళ్లుండి, పొలం పనివాళ్లకూ ఆడవాళ్లకూ పిల్లలకూ స్వరం చూసి పాడటం నేర్పి వెళ్లేవాడు. చదువురానివాళ్లకు సులువుగా ఉండేందుకు ఒక్కో స్వరానికి ఒక్కో ఆకారం, ఒకటి త్రికోణం, ఒకటి చతురస్రం, ఇలా. మన సరిగమలు నోటితో చెప్పే పనిని అవి కంటికి చెప్పేవి. షోవాల్టర్ అలాంటి పంతులు. 1887లో అలబామాలో హార్ట్‌సెల్ అనే ఊళ్లో బడి నడుపుతుండగా ఆయనకు రెండు ఉత్తరాలొచ్చాయి. రెండూ పాత విద్యార్థులనుంచే. ఇద్దరిదీ ఒకే కబురు, భార్య చనిపోయిందని.

ఆయన ఇద్దరికీ జవాబు రాశాడు. ఓదార్పుకు ద్వితీయోపదేశకాండం 33వ అధ్యాయంలోంచి, శాశ్వతమైన చేతులు మనిషిని కిందనుంచి మోస్తుంటాయన్న భావం తీసుకున్నాడు. ఉత్తరాలు రాశాక ఆ భావం పాటకు పల్లవిలా తోచింది. పల్లవీ బాణీ తనే కట్టి, చరణాలు రాయమని ఎలిషా హాఫ్‌మన్‌కు పంపాడు. అలా పూర్తయిన పాట 125 ఏళ్ల తర్వాత ఈ బృందం వీడ్కోలులోకి వచ్చింది. మధ్యలో సినిమాల్లోకీ వెళ్లింది, 2010లో వచ్చిన ‘ట్రూ గ్రిట్’ సంగీతమంతా ఈ బాణీ చుట్టూ తిరుగుతుంది. కాని పుట్టింది మాత్రం ఒక పంతులు తన దగ్గర చదువుకున్న ఇద్దరు దుఃఖంలో ఉంటే రాసిన జవాబులోంచి.

ఈ పాటతో కలిపి పాడింది లూయిజా స్టెడ్ రాసిన ‘టిజ్ సో స్వీట్ టు ట్రస్ట్ ఇన్ జీసస్’, 1882 నాటిది. సముద్రంలో మునిగిపోతున్న పిల్లవాణ్ణి కాపాడబోయి ఆమె భర్త మునిగిపోయాడనీ, ఆ తర్వాత రాసిందనీ చెబుతారు. ఆల్బమ్‌లో అన్నింటికంటే చివర వచ్చే పాట ‘బికాజ్ హీ లివ్స్’. బిల్, గ్లోరియా గెయిథర్ దంపతులు 1971లో చేసింది, కాలం బాగాలేని రోజుల్లో బిడ్డ పుట్టిన ఇంట్లో పుట్టిన పాట. అంత్యక్రియల పూజ ఉయ్యాల దగ్గర ముగిసిందన్నమాట. సంతోషమైన శ్రుతి అన్న ముక్క నాకు ఇక్కడ అర్థమైంది, మొదట హాస్యమనుకున్నాను.

దబీర్‌పురా మిత్రుడికి చెప్పిన జవాబు ఇదే: ఆగింది బృందం, పాట కాదు. ఆయన తల ఊపాడుగాని ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియలేదు. ఏడుపుకు తేదీ పెట్టడం ఆయనకు ఇప్పటికీ మింగుడుపడలేదనుకుంటాను.

ఆయన అనుమానానికి లోకంలో ఆధారమూ ఉంది. వీడ్కోలు అన్నది సంగీత వ్యాపారంలో మంచి సరుకు. ఆఖరిసారి అంటే టికెట్లు అమ్ముడవుతాయి. క్రైస్తవ పాప్‌లోనూ అంతే. ఇంగ్లండ్‌లో లిటిల్‌హాంప్టన్‌నుంచి వచ్చిన డెలీరియస్ బృందం 2009 నవంబరులో లండన్ హ్యామర్‌స్మిత్ అపోలోలో ఆఖరి కచేరీ చేసి, దాన్ని కూడా రికార్డుగా అమ్మింది. ఆడియో అడ్రినలిన్ గాయకుడి గొంతు దెబ్బతిని 2007లో ఆపేసింది, ఐదేళ్లకు కొత్త గాయకుడితో మళ్లీ వచ్చింది. క్రౌడర్ బృందంకూడా 2011లో వీడ్కోలు యాత్ర చేసింది. ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో రెండో స్థానంలో దిగింది, క్రైస్తవ జాబితా కాదు, అన్ని రకాల సంగీతమూ కలిపిన జాబితా. పూజ పాట అంతదూరం పోవడంలో ‘ఆఖరిది’ అన్న ముద్ర పాత్ర లేదనలేను. తర్వాత నలుగురు కలిసి ది డిజిటల్ ఏజ్ అనే బృందం పెట్టుకున్నారు. క్రౌడర్ 2014లో ‘నియాన్ స్టీపుల్’తో ఒంటరిగా వచ్చాడు. ఎవరూ విశ్రాంతి తీసుకోలేదు. ఐనా ఆ పేరుతో ఆ ఆరుగురూ మళ్లీ ఆల్బమ్ చేయలేదు, మాట నిలబెట్టుకున్నారు. నాకది చాలు.

ఆల్బమ్‌లో నాకు నచ్చనిదీ చెప్పాలి. మధ్యలో సాగదీత ఉంది. తీర్పుదినం ముక్కలు కొన్ని చప్పుడు ఎక్కువ, భయం తక్కువ. బీబీ కా అలమ్ ఊరేగింపులో ఒక్క ముసలాయన గొంతు తెచ్చే వణుకు ఆ యంత్రాలన్నీ కలిసి తేలేదు. 34 ట్రాకుల్లో పది తీసేసినా లోటుండదు. మా హార్మోనియం మిత్రుడికి ఫోనులో ఇదే చెబితే, ‘చావు ఇంట్లో పొద్దుపోనట్టే ఉంటుందిరా, తొందరపడకు’ అన్నాడు.

శ్రుతి గురించి అతనితోనే చాలాసేపు మాట్లాడాను. సి అంటే హార్మోనియంమీద సఫేద్ ఏక్, తెల్ల ఒకటి. అక్కడ షడ్జమం పెట్టుకుంటే మేజర్ స్కేలంతా తెల్ల మెట్లమీదే నడుస్తుంది, నల్ల మెట్టు తాకాల్సిన పనిలేదు. మన లెక్కలో శంకరాభరణం. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని నొట్టుస్వరాలు కట్టింది కూడా ఈ రాగంలోనే. హార్మోనియం నేర్చుకునే ఎవరికైనా మొదటి పాఠం అక్కడే. స్కూల్లో మిత్రుడు ఎప్పుడూ ఆ శ్రుతిలోనే వాయించేవాడు. నా గొంతుకు అది సరిపోయేది కాదు, పైస్థాయిలో నాకు కష్టమయ్యేది. మార్చమంటే మార్చేవాడు కాదు. స్కూలు హార్మోనియంలో రెండు నల్ల మెట్లు పలకవని నాకు పదో తరగతి అయిపోయాకగాని చెప్పలేదు.

మేం ముగ్గురం ఆఖరిసారి పాడింది ఎప్పుడో మాకెవరికీ గుర్తులేదు. రికార్డు లేదు, ఫోటో లేదు. అది ఆఖరిసారని ఎవరికీ తెలియదు కదా, తెలిస్తే టేప్‌రికార్డర్ అడిగి తెచ్చుకునేవాళ్లమే. పోయిన ఏడాదికి ముందు ఏడాది డాలస్‌లో మిత్రుడు పోయాడు. కూతురు ఫోను చేసి, భూస్థాపనకు ఏం పాడాలో నాన్న ముందే కాగితంమీద రాసిపెట్టాడని చెప్పింది. మొదట చౌదరిగారి కీర్తన ఒకటి. చివర షోవాల్టర్ పంతులు పాట. పక్కన శ్రుతి కూడా రాశాడట: సఫేద్ ఏక్. దానికింద, డోలక్ ఉంటే మంచిది అని.

డోలక్ దొరికిందట. వాయించేవాళ్లు దొరకలేదట. దబీర్‌పురాకు ఫోను చేసి ఈ మాట చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన అడిగాడు, ఆ ఇంగ్లీషు పాట ఏ తాళమని. నాలుగు, కహర్వాలో కూర్చుంటుంది అన్నాను. ‘పాడు’ అన్నాడు.